మీకు తెలుసా? ఒక్క తీసివేతతో కెర్నెల్‌కు ముప్పు

లినక్స్ కెర్నెల్‌లో హద్దు చూసే షరతు ఉండి కూడా, అందులోని ఒక్క తీసివేత వల్ల మామూలు యూజర్ ఏకంగా రూట్ అధికారం దక్కించుకునే దారి రెండున్నరేళ్లకు పైగా తెరిచే ఉంది. 2019 మేలో 5.1 వెర్షన్‌తో వచ్చిన ఈ లోపాన్ని 2022 జనవరిలో సరిదిద్దారు. దాని నంబరు సీవీఈ-2022-0185.

ఫైల్ సిస్టమ్‌ను మౌంట్ చేసేటప్పుడు ఇచ్చే ఆప్షన్లను కెర్నెల్ కామాలు పెట్టి వరసగా ఒక బఫర్‌లో రాసుకుంటుంది. బఫర్ సైజు ఒక పేజీ, అంటే మన పీసీల్లో 4096 బైట్లు. కొత్త ఆప్షన్ చేర్చే ముందు చోటుందో లేదో చూడాలి కదా, చూసేది కూడా. 4096లోంచి కామాకూ చివరి సున్నా బైటుకూ కలిపి 2, అప్పటికి నిండినదంతా తీసేసేది. మిగిలినదానికంటే కొత్త ఆప్షన్ పొడవు ఎక్కువైతే తిప్పి పంపేది. కాగితం మీద లెక్క సరైనదే.

బఫర్ 4095 బైట్ల దాకా నిండిందనుకోండి. తీసివేస్తే రావాల్సింది మైనస్ 1. కానీ ఆ సంఖ్యలు అన్‌సైన్డ్ రకానివి, వాటిలో మైనస్ ఉండదు. పాత స్కూటర్ మీటరు సున్నా నుంచి వెనక్కి తిరిగితే అన్నీ తొమ్మిదులే పడ్డట్టు, 64 బిట్ల యంత్రంలో జవాబు లక్షా 84 వేల కోట్ల కోట్లు దాటిపోతుంది. ఇక ఏ ఆప్షన్ ఇచ్చినా చోటున్నట్టే లెక్క. రాత బఫర్ దాటి పక్కనున్న కెర్నెల్ మెమరీ మీద పడుతుంది. దీని సాయంతో కంటెయినర్‌లోంచి బయటపడి యంత్రాన్నే చేజిక్కించుకోవచ్చని పరిశోధకులు చేసి చూపించారు. కోడ్ సమీక్షలో ఇలాంటివి పట్టుకోవడం నిజంగా కష్టం. షరతు కనబడగానే కన్ను ముందుకు జారిపోతుంది.

సవరణ ఒక్క లైనే. తీసివేత పోయి కూడిక వచ్చింది: నిండినది, కొత్త పొడవు, 2 కలిపితే 4096 దాటుతుందా? 4095కు 2 కలిపితేనే దాటుతుంది, కాబట్టి అక్కడే ఆగిపోతుంది.

అలాగని కూడిక ఎప్పుడూ క్షేమమేమీ కాదు. మరీ పెద్ద సంఖ్యలైతే కూడినా హద్దు దాటి మళ్లీ సున్నా దగ్గరికి వస్తాయి. ఇక్కడ ఆప్షన్ పేరుకూ విలువకూ విడివిడిగా 256 బైట్ల పరిమితి ఉంది కాబట్టి ఆ భయం లేదు. అలాంటి పరిమితి లేనిచోట వాడడానికే కెర్నెల్‌లో ‘చెక్ యాడ్ ఓవర్‌ఫ్లో’ అనే మాక్రో పెట్టారు. కూడిక హద్దు దాటితే ఆ సంగతి అది వెంటనే చెబుతుంది.