పాత బొంతకు కొత్త కొలత

డబుల్ కాట్ వచ్చాక, అమ్మలు పాత చీరలతో కుట్టిన బొంతలు చాలడం లేదని అటకెక్కిస్తున్నాం. వాటిని విప్పనక్కర్లేదు, చుట్టూ పట్టీలు వేస్తే చాలు.

4 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవున్న బొంత 6×7 కావాలంటే పక్కలకు అడుగు చొప్పున, తలవైపు, కాళ్లవైపు అర అడుగు చొప్పున చేర్చాలి. అతుకులకు కొంత గుడ్డ ఎక్కువ ఉంచుకోవాలి. బొంతలో ఎన్ని పొరలుంటే పట్టీల్లోనూ అన్నే వేయాలి. కొత్త నూలుగుడ్డయితే ముందే తడిపి ఆరబెట్టాలి; లేకుంటే మొదటి ఉతుకులోనే కుంచించుకుపోయి బొంత ముడతలు పడుతుంది. నిలువు పట్టీలు కుట్టాకే అడ్డ పట్టీలు కుట్టాలి. అతుకుల మీద రెండు వైపులా సన్నని గుడ్డ వేసి కుడితే గట్టిగా నిలుస్తుంది.

చలికాలంలో బొంతలు ఇచ్చే దాతలకు ఒక మనవి: ఎంతమంది కప్పుకుంటారో అడిగి, ఆ కొలతకు పెంచి ఇవ్వండి. చాలని బొంత కింద పిల్లలు తెల్లవార్లూ లాక్కుంటూనే ఉంటారు.