పౌరుషానికో బరి

పలనాటి వాళ్లకు కొట్లాట గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. కోడిపందెం దగ్గర పుట్టిన పంతం కారంపూడి యుద్ధం దాకా వెళ్లిన కథ వింటూ పెరిగినవాళ్లం. పొలం గట్టు దగ్గరో, ఓట్ల దగ్గరో మాటామాటా పెరిగి కర్రలు లేచిన ఊళ్లు మా చుట్టూ ఉన్నాయి. దెబ్బ తగిలాక పొంగుకొచ్చే కోపాన్ని ఏం చేసుకోవాలో మాత్రం మా పిల్లలకు ఎవరూ నేర్పలేదు. వినుకొండలో ఒక బాక్సింగ్ బరి ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే. పతకాల సంగతి తర్వాత.

దానికి మహానగరాలే కావాలేమో అనుకుంటే నిజామాబాద్ వైపు చూడండి. అక్కడి కలెక్టరేట్ మైదానానికి తండ్రి జమీల్ అహ్మద్ వెంట పరుగు నేర్చుకోవడానికి వచ్చిన పిల్ల నిఖత్ జరీన్. బాక్సింగ్‌లో ఆడపిల్లలు కనబడకపోయేసరికి, ఇది మగపిల్లల ఆటేనా అని నాన్నను అడిగింది. ఆడపిల్లలకు అంత బలం ఉండదని జనం అనుకుంటారని ఆయన చెప్పారు. ఆ జవాబే ఆమెను కోచ్ షంసుద్దీన్ దగ్గరికి చేర్చింది. తోడు ఆడపిల్లలు లేక మగపిల్లలతోనే తలపడాల్సి వచ్చేది. ముక్కు పగిలి, కన్ను కమిలి ఇంటికొస్తే, ఈ పిల్లను ఎవరు చేసుకుంటారని తల్లి ఏడ్చింది. పేరొస్తే పెళ్లికొడుకులే వరస కడతారని కూతురు సముదాయించింది.

2011లో అంటాల్యాలో జూనియర్ ప్రపంచ విజేత అయింది. 2017లో భుజం గాయం ఆమెను చాలాకాలం ఆటకు దూరం చేసింది. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో, మరుసటి ఏడు ఢిల్లీలో, రెండుసార్లు సీనియర్ ప్రపంచ విజేత. షంసుద్దీన్ గారి అబ్బాయి హుసాముద్దీన్ కూడా 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యాలు తెచ్చాడు. ఒక జిల్లా కేంద్రం, పట్టు వదలని ఒక గురువు. హరియాణాలోని భివానీదీ అదే దారి. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు వెళ్లిన అయిదుగురు భారత బాక్సర్లలో నలుగురు ఆ ఊరి బరిలో తయారైనవాళ్లే. మన విశాఖ ఆడపడుచు, బాక్సర్ ఎన్. ఉషకు కూడా 2020లో ధ్యాన్‌చంద్ పురస్కారం వచ్చింది.

ఇక వినుకొండ. కొండ కింద ఖాళీ జాగా ఉంది, పత్తి ఉంది, గోనె ఉంది. గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు పంపే గోనెసంచిని బాగా ఉతికి ఎండబెట్టాలి. ఉతక్కపోతే ఆ ఘాటు ఊపిరి తీసుకోనివ్వదు. దర్జీ దుకాణంలో మిగిలిన గుడ్డముక్కలు కూరి, మూతి కుట్టి, వేపకొమ్మకు వేలాడదీస్తే గుద్దే సంచి తయారు. ఇసుక మాత్రం పోయకూడదు. అది అడుగుకు దిగి రాయిలా గట్టిపడుతుంది, లేత మణికట్టు బెణుకుతుంది.

చేతికి చుట్టుకునే పట్టీ నాలుగైదు మీటర్ల నూలుగుడ్డ. బొటనవేలికి మెలిక వేసి, మణికట్టు చుట్టూ మూడు చుట్లు, పిడికిలి ఎముకల మీదుగా మరో మూడు, వేళ్ల సందుల్లోంచి తీసి మళ్లీ మణికట్టుకు. ఆ పట్టీ చుట్టుకోవడానికి పట్టే అయిదు నిమిషాల్లో పిల్లల అల్లరి దానంతటదే అణుగుతుంది. గ్లవ్స్, తలకు రక్షణ తొడుగు, పళ్లకు తొడుగు మాత్రం కొనాల్సిందే. వాటికి ఊరు చందా వేసుకోవాలి. తిరునాళ్ల ప్రభలకు పోగేసే ఊళ్లం, ఇది మనకు బరువు కాదు.

తల్లిదండ్రుల భయం నాకు తెలుసు, అది న్యాయమైన భయం. తలకు తగిలే దెబ్బ చిన్నది కాదు. అందుకే తొలి నెలల్లో తాడాట, కాళ్ల కదలిక, గాలిలో గుద్దులు, సంచి. ఎదురుబొదురు తలపడటం చాలా తర్వాత, అదీ తొడుగులతో, శిక్షణ పొందిన కోచ్ కళ్లముందే. ఆ కోచ్ దొరకనిదే బరి తెరవొద్దు. ఇందులో రాజీ లేదు.

మూడు నిమిషాల రౌండు ఎంత పొడుగ్గా ఉంటుందో గంట కొట్టాకే తెలుస్తుంది. మొదటి దెబ్బకు కళ్లలో నీళ్లు తిరుగుతాయి. కోపంతో మీదికి దూకినవాడి రక్షణ చెదిరి రెండో దెబ్బ కూడా తింటాడు. గడ్డం దించి, చేతులు మొహానికి అడ్డంపెట్టి, ఊపిరి వదులుతూ ఒక అడుగు పక్కకు వేసినవాడు నిలబడతాడు. ఆఖరి గంట మోగగానే ఇద్దరూ కావలించుకుంటారు. మా ఊరి పిల్లలు చూడాల్సింది ఆ కావలింతని.

బరి ఎప్పుడు నడపాలన్నదీ ఆలోచించాలి. మిరపకోతల రోజుల్లో చాలామంది పిల్లలు అమ్మతో చేలోకి వెళతారు. సాయంత్రానికి వేళ్లు భగభగ మండుతుంటాయి. అలాంటి చేతులతో వచ్చిన పిల్లను ఆలస్యం ఎందుకైందని గద్దించే కోచ్ మనకొద్దు. నూనె రాసి, సబ్బుతో కడిగించి, మంట తగ్గాక పట్టీ చుట్టేవాడు కావాలి.