నోరు తెరిస్తేనే ఇంగ్లీషు



కల్హేర్ హాస్టల్లో ఉండి చదువుకున్న మాకు పదో తరగతి ఇంగ్లీషు పరీక్ష కష్టం కాలేదు. ప్రశ్నలు, జవాబులు కంఠస్థం చేసి మంచి మార్కులతోనే పాసయ్యాము. అసలు పరీక్ష పట్నంలో ఎదురైంది. ఇంటర్వ్యూలో "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అన్నారు. పేరు, ఊరు చెప్పి ఆగిపోయాము. తెలిసిన మాటలే గొంతులో చిక్కుకున్నాయి. ఆ అవస్థ మీకు రావద్దని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ఉమ్మడి రాష్ట్రంలో 2008లో సక్సెస్ పాఠశాలల పేరుతో ఎంపిక చేసిన ఉన్నత పాఠశాలల్లో ఆరో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియం పెట్టారు. తెలంగాణలో 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో 1 నుంచి 8 తరగతులకు తెచ్చారు. కాని పుస్తకం మారినంత మాత్రాన నోరు తిరగదు.

మన నారాయణఖేడ్ ప్రాంతాన్నే చూడండి. తండా పిల్లలు ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు మాట్లాడతారు. కర్ణాటక, మహారాష్ట్ర దగ్గర కనుక కన్నడం, మరాఠీ వచ్చినవారూ ఉన్నారు. అంగడికి పోతే ఉర్దూ వినపడుతుంది. వీరు వ్యాకరణం చదివి ఆ భాషలు నేర్వలేదు. విన్నారు, అవసరం కొద్దీ మాట్లాడారు, తప్పుపోయినా మళ్లీ మాట్లాడారు. ఇంగ్లీషుకూ దారి అదే. అయితే మన ఊళ్లో ఇంగ్లీషు మాట్లాడే అవసరం రాదు. దాన్ని హాస్టల్లో మనమే కల్పించుకోవాలి.

మొదటిది, విడి మాటలు కాక పూర్తి వాక్యాలు పట్టుకోండి. భోజనం వరుసలో "కెన్ ఐ హావ్ సమ్ మోర్ రైస్, ప్లీజ్?" అని రోజూ అడిగితే, వారం తిరిగేసరికి అది ఆలోచించకుండానే వస్తుంది. తర్వాత రైస్ తీసి వాటర్ పెట్టండి, బుక్ పెట్టండి.

రెండోది, ఒకే ముచ్చట మూడుసార్లు చెప్పండి. కీత్ మారిస్ అనే ఆయన 1983లో చెప్పిన పద్ధతి ఇది. నిన్నటి కబడ్డీ ఆట గురించి ఒక మిత్రునికి 4 నిమిషాలు, ఇంకొకరికి 3 నిమిషాలు, మరొకరికి 2 నిమిషాలు చెప్పాలి. మొదటిసారి మాటలు వెతుక్కుంటాము. మూడోసారికి అవి సిద్ధంగా ఉంటాయి, మాట వేగం అందుకుంటుంది. చిన్న తరగతుల వారు 3, 2, 1 నిమిషాలతో మొదలుపెట్టవచ్చు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. మాట్లాడేవాణ్ణి చూసి నవ్వవద్దు, మధ్యలో ఆపవద్దు. తమ్ముడు "ఐ గోయింగ్ స్కూల్" అంటే, అన్న "ఓ, యూ ఆర్ గోయింగ్ టు స్కూల్!" అని సరైన మాట వినిపిస్తే చాలు. ఒక్కసారి నవ్వితే ఆ పిల్లవాడు ఏడాదంతా నోరు విప్పడు. మాలో కొందరు అట్లే మూగబోయారు.

స్టడీ అవర్‌లో రోజూ పదిహేను నిమిషాలు దీనికి కేటాయించండి. దీనికి పైసా ఖర్చు లేదు. వినడానికి పక్క మంచం మిత్రుడు ఉంటే చాలు. తెలుగును తక్కువ చేయమని మేము అనడం లేదు. ఇంటర్వ్యూ గదిలో మీరు మాలాగా తలదించుకోవద్దు, అంతే మా కోరిక.