లోపాల నడుమ సార్థక జీవనం

మన తడ చెంతనున్న పులికాట్ సరస్సును గమనించండి. కాళంగి, ఆరణి నదుల మంచినీరు, ముఖద్వారాల గుండా వచ్చే సముద్రపు ఉప్పునీరు అందులో కలుస్తాయి. ఆ మిశ్రమ జలంలోనే రొయ్యలు, చేపలు పెరిగి ఎన్నో కుటుంబాలకు ఉపాధి అవుతున్నాయి. ముఖద్వారం ఇసుకతో పూడితే మాత్రం మత్స్యసంపద క్షీణిస్తుంది.

మన జీవితమూ మిశ్రమమే. నమాజులో మనసు చెదురుతుంది. ఇంట మాట తూలుతుంది. అందుకు నిరాశ చెందరాదు. దానిని సాకుగానూ చేసుకోరాదు. తౌబా ద్వారాన్ని పూడనీయక, నొప్పించిన వారిని క్షమాపణ కోరుదాం. వల లాగే చేయి, తూకం వేసే చేయి న్యాయంగా ఉంటే, సత్సంకల్పంతో చేసే ఆ పనీ ఆరాధనే. పరిపూర్ణత అల్లాహ్‌ది, ప్రయత్నం మనది. మన అల్ప ఆచరణలను ఆయన స్వీకరించుగాక! ఆమీన్.