పనిముట్టుతో పాటు ఇచ్చే కాగితం

పిల్లలూ! మీ ఇంటి దగ్గర ఎక్కడైనా తాపీపని జరుగుతూ వుంటే మేస్త్రీగారి సంచిలోకి ఒకసారి తొంగి చూడండి. అందులో తాపీ వుంటుంది, మూలమట్టం వుంటుంది, గోడ నిలువు చూసే గుండు వుంటుంది. ఒక్కొక్క పనిముట్టుకు ఒక్కొక్క పని. నాలుగు రోజులు చూస్తే ఏది ఎందుకో మీకే తెలిసిపోతుంది. కాగితం మీద ఎవరూ రాసి ఇవ్వనక్కర లేదు.

నేను చెప్పబోయే పనిముట్టు అటువంటిది కాదు. అది కంటికి కనపడదు. ఒక్కటే అయినా వంద పనులు చేస్తుంది. దాన్ని పట్టుకునేది మనిషి కూడా కాదు! అందుచేత దాన్ని గురించి కాగితం రాసి ఇవ్వక తప్పదు.

పెద్ద భవనం కట్టాలంటే ఇటుకలూ సిమెంటూ చాలవు. లెక్కలూ కావాలి. ఇంజనీరుగారి పటాలు, ఏ రోజు ఎంత పని జరిగింది, ఎంత సామాను దిగింది, కాంక్రీటు పరీక్షలో నెగ్గిందా, ఇవన్నీ పూర్వం పుస్తకాల్లో రాసేవారు. ఇప్పుడు చాలాచోట్ల కంప్యూటర్లలో వుంచుతున్నారు. అమెరికాలో 2002లో మొదలైన ప్రోకోర్ అనే కంపెనీ ఇటువంటి ఏర్పాటే చేసి ఇస్తుంది.

ఆ లెక్కల కంప్యూటరు దగ్గరికి మరొక కంప్యూటరు వచ్చి, ఫలానా వివరం కావాలని అడగటానికి పెట్టిన కిటికీని ఎ.పి.ఐ. అంటారు. పోస్టాఫీసులో స్టాంపులకు ఒక కిటికీ, సేవింగ్సు ఖాతాలకు ఒక కిటికీ చూశారు గదా? అట్లాగే ఇక్కడ పటాలకు ఒకటి, పరీక్షలకు ఒకటి, ఎన్నో వుంటాయి. కాని అక్కడ పలికే మాటలు కొద్దే. "గెట్" అంటే చూపించు. "పోస్ట్" అంటే కొత్తది చేర్చు. "పాచ్" అంటే వున్నదాన్ని సరిదిద్దు. "డిలీట్" అంటే తీసెయ్యి. 1991లో టిమ్ బెర్నర్స్-లీ తన వెబ్ కోసం మొదట రాసుకున్న నియమాల్లో "గెట్" ఒక్కటే వుండేది. చూడటమే తప్ప చెరపటం లేదన్నమాట. మిగిలినవి తరవాత వచ్చాయి.

ఇక ఏ.ఐ. ఏజెంటు అంటే ఒక యంత్ర గుమాస్తా. మనం మామూలు మాటల్లో అడిగితే, ఏ కిటికీకి వెళ్ళాలో తానే నిర్ణయించుకుని, వెళ్ళి, జవాబు తెస్తుంది. కిటికీకి ఒకటి చొప్పున వందల పనిముట్లు ఇస్తే వాటి వివరాలు చదవటంతోనే దానికి సరిపోతుంది. అందుకని కొందరు ఏ కిటికీకైనా పనికివచ్చే పనిముట్టు ఒక్కటే ఇస్తారు. ఇంట్లో తాళాలన్నిటికీ ఒకే తాళంచెవి ఇచ్చినట్టు! 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే పద్ధతిలో, పనిముట్టుకు ఒక పేరు, ఒక వివరణ, ఏమేమి పూరించాలో చెప్పే ఒక నమూనా వుంటాయి. ఏజెంటు వీటిని చదివే పనిముట్టును తెలుసుకుంటుంది.

ఆ వివరణలో ఒక్క వాక్యం తప్పిపోతే ఏమవుతుందో చూడండి.

భవనానికి పోసే కాంక్రీటులో కొంత తీసి, 15 సెంటీమీటర్ల ఘనాలుగా పోతపోసి, నీళ్ళలో వుంచి, 28వ రోజున యంత్రంలో పెట్టి నలగ్గొడతారు. ఎం25 రకం అయితే చదరపు మిల్లీమీటరుకు 25 న్యూటన్లు తట్టుకోవాలి. ఘనం మొత్తం మీద లెక్క వేస్తే సుమారు 57 టన్నుల బరువు! (నమ్మకం లేకపోతే మీరే లెక్క కట్టండి.)

ఒక భవనానికి ఇట్లాంటి పరీక్షలు 130 జరిగాయనుకుందాం. "అన్నీ నెగ్గాయా?" అని ఇంజనీరు అడిగాడు. ఏజెంటు వెళ్ళి "గెట్" అన్నది. ఆ కిటికీ ఒకసారికి వంద ఫలితాలే ఇస్తుంది, మిగతావి రెండో పేజీలో వుంటాయి. ఆ సంగతి వివరణలో లేదు. ఏజెంటు వందా చూసి, "అన్నీ నెగ్గాయి" అన్నది. 117వ పరీక్ష తప్పింది. ఆ కాంక్రీటు మూడో అంతస్తు స్తంభాల్లో వుంది. దాని మీద నాలుగో అంతస్తు వెయ్యటానికి కూలీలు సిద్ధంగా వున్నారు!

నేను చాలా ఏళ్ళు పరీక్ష హాళ్ళలో తిరిగినవాణ్ణి. ప్రశ్నపత్రం అడుగున "పేజీ తిప్పుము" అని అచ్చు పడకపోతే, వెనక ప్రశ్నలు చూడకుండానే లేచి వెళ్ళిపోయేవాళ్ళు ఒకరిద్దరు వుండేవారు. వాళ్ళు తెలివైన పిల్లలే. తప్పు వాళ్ళదని నేను ఎన్నడూ అనుకోలేదు.

కనక వివరణలో ఇట్లా వుండాలి: "ఒకసారికి వంద మాత్రమే వస్తాయి. ఇంకా వుంటే తరవాతి పేజీ అడుగు. చివరిదాకా చూడకుండా 'అన్నీ' అనకు."

తేదీలతోనూ తంటాయే. 3/4/2026 అంటే మనకు ఏప్రిల్ 3, అమెరికావారికి మార్చి 4. ఇరవై ఎనిమిది రోజులు లెక్కపెట్టే చోట ఒక నెల పొరబాటు! 2026-04-03 అని సంవత్సరం ముందు వేసి రాయమనాలి. 403 అనే జవాబు వస్తే అనుమతి లేదని అర్థం, పరీక్షలు జరగలేదని కాదు. ఇదీ చెప్పాలి.

"200 బస్తాల సిమెంటు పంపండి" అని పోస్ట్ చేస్తే జవాబు రాలేదనుకోండి. మళ్ళీ పోస్ట్ చేస్తే 400 బస్తాలు దిగవచ్చు. గెట్ పదిసార్లు అడిగినా నష్టం లేదు. అందుచేత ముందు గెట్‌తో చూసి, ఆర్డరు లేకపోతేనే మళ్ళీ పంపమని రాయాలి.

డిలీట్ సంగతి? "మనిషిని అడగకుండా చెయ్యకు" అని రాయవచ్చు. కాని రాత తాళం కాదు. 2025 మార్చిలో ఆ ప్రోటోకాల్‌లో "ఇది చదవటానికి మాత్రమే", "ఇది చెరపగలదు" అని తెలిపే గుర్తులు చేర్చారు. అన్నీ చేసే పనిముట్టు మీద "చదవటానికి మాత్రమే" అని ఎట్లా రాస్తాం? అందుకని చూడటానికి ఒకటి, మార్చటానికి మరొకటిగా విడగొట్టటమే మేలని నాకు తోస్తుంది. చూసే పని మాత్రమే వున్న ఏజెంటుకు చెరిపే అధికారం అసలు ఇవ్వనేకూడదు.

ఇన్ని రాసినా మొదటిసారికే సరిగా రాదు. రాసినవారు ఏజెంటుకు కొన్ని ప్రశ్నలిచ్చి, అది ఎక్కడ దారి తప్పిందో చూసి, ఆ చోటు మళ్ళీ రాస్తారు. మీరూ ఈ ఆదివారం చేసి చూడండి. బీరువాలోంచి ఒక పుస్తకం తెచ్చే విధం కాగితం మీద రాసి తమ్ముడికో చెల్లెలికో ఇవ్వండి. రాసినంతే చెయ్యాలి, మీరు నోరు విప్పకూడదు. బీరువా తాళంచెవి ఎక్కడుందో రాశారా?