వార్తల్లో పదం: సిస్టమాటిక్ రివ్యూ

ఒకే ప్రశ్నపై జరిగిన పరిశోధనలన్నిటినీ ముందే రాసుకున్న నియమాలతో వెతికి, నాణ్యత తూచి, సారం తేల్చే అధ్యయనమిది. క్రమబద్ధ సమీక్ష అనీ అంటారు. మామూలు సాహిత్య సమీక్షలో రచయిత నచ్చిన వ్యాసాలు ఏరుకోవచ్చు. ఇందులో మాత్రం ఎక్కడ, ఏ పదాలతో వెతికారో, వేటిని ఎందుకు వదిలేశారో రాసి తీరాలి.

ఇలాంటి సమీక్షలు లేవని 1979లో వైద్యరంగాన్ని తప్పుపట్టిన బ్రిటిష్ వైద్యుడు ఆర్చీ కాక్రేన్ పేరిట 1993లో ఈ సమీక్షలు చేసే కాక్రేన్ సంస్థ ఏర్పడింది.

నర్సింగ్‌లో క్రమబద్ధ సమీక్ష అవసరం ఎంతో తెలంగాణే చెబుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఇక్కడి కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. సహజ ప్రసవాలు పెంచేందుకు ప్రభుత్వం 2017లో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ (ప్రసవ సంరక్షణ) శిక్షణ మొదలుపెట్టింది. ఇలాంటి సంరక్షణపై 2016 నాటి కాక్రేన్ సమీక్ష 15 ప్రయోగాలను, 17,674 మంది తల్లుల వివరాలను పరిశీలించింది. మిడ్‌వైఫ్‌ల నిరంతర సంరక్షణలో నెలలు నిండని కాన్పులు, పరికరాలతో చేసే కాన్పులు తగ్గాయని తేల్చింది. సిజేరియన్లలో మాత్రం స్పష్టమైన తేడా కనిపించలేదు.

పైగా ఆ ప్రయోగాలన్నీ సంపన్న దేశాలవే. సంగారెడ్డి జిల్లా సరిహద్దులోని నారాయణఖేడ్‌కు వాటి ఫలితాలను యథాతథంగా అన్వయించలేం. ముహూర్తం చూసుకుని సిజేరియన్ కోరే కుటుంబం ఏమనుకుంటుందో అంకెలు చెప్పవు. అందుకు తల్లులతో, నర్సులతో మాట్లాడే గుణాత్మక పరిశోధన కావాలి.