విదురుని మూడు మధుదృష్టాంతములు

వ్యాసభారతమున విదురుడు ధృతరాష్ట్రునకు హితము చెప్పిన ఘట్టములు పెక్కు గలవు. వానిలో మూడింట తేనె దృష్టాంతముగా వచ్చుచున్నది: సభాపర్వమున జూదము నడచుచుండగా ఒకమారు, ఉద్యోగపర్వమున యుద్ధమునకు ముందొకమారు, స్త్రీపర్వమున నూర్గురు కుమారులును నశించిన పిదప ఒకమారు. తెలుగున మొదటి పర్వమును రాజమహేంద్రవరమున నన్నయయు, తక్కిన రెండింటిని నెల్లూరి తిక్కనయు రచించిరి. మూలమునందలి ఈ మూడు దృష్టాంతములను వరుసగా పరిశీలించినచో, కోరిక మనుష్యుని దృష్టిని కఠినసత్యమునుండి ఎట్లు మరల్చునో విశదమగును.

మొదటిది క్లుప్తమైనది. తేనెకై ఎత్తునకెక్కినవాడు క్రిందనున్న అగాధమును గుర్తింపడనియు, జూదపు మత్తులోనున్న దుర్యోధనుడట్టివాడే యనియు విదురుడు హెచ్చరించెను. రాజు వినలేదు. ద్రౌపదిని పణముగా ఒడ్డినప్పుడు సైతము గెలిచినదేమని మాటిమాటికి అడుగుచు, తన సంతోషమును దాచుకొనజాలకపోయెను.

రెండవది విదురుడు స్వయముగా చూచినదిగా చెప్పిన వృత్తాంతము. కిరాతులతో గూడి గంధమాదన ప్రాంతమునకు పోగా, దుర్గమమైన కొండచరియపై కుండంత తేనె కనబడినదట. అది కుబేరునకు ప్రియమైనది; విషసర్పములు దానిని కాచుచున్నవి. దానిని త్రాగిన మర్త్యుడు అమరుడగును, వృద్ధుడు యువకుడగును, అంధునకు చూపు వచ్చును. దానికై పోయిన కిరాతులు ఆ పాముల లోయలోనే నశించిరి. నీ కుమారుడు తేనెను చూచుచున్నాడే గాని పడిపోవు చోటును చూచుట లేదని విదురుడు ముగించెను. చూపునిచ్చు తేనెను గూర్చిన ఈ కథను చూపులేని రాజునకు చెప్పుట గమనింపదగిన విశేషము.

మూడవది సంసారకూప కథ. ఘోరారణ్యమున క్రూరమృగములకు భయపడి పరుగెత్తిన బ్రాహ్మణుడొకడు తీగలు కప్పిన పాడునూతిలో పడి, తలక్రిందుగా పనసపండువలె వ్రేలాడెను. రామచంద్రపురము, కోనసీమ ప్రాంతముల పెరటిపనసలను చూచినవారికి ఈ ఉపమానములోని బరువు వెంటనే తెలియును. నూతి అడుగున మహాసర్పము, పైన ఆరు ముఖములు, పన్నెండు పాదములు గల ఏనుగు. నల్లని, తెల్లని ఎలుకలు చెట్టును కొరుకుచున్నవి. కొమ్మలయందలి తేనెపట్టునుండి ధార జారుచుండగా, అతడు దానిని త్రాగుచునే యుండెను. తనివి మాత్రము తీరలేదు.

విదురుడే దీనికి వివరణ చెప్పెను. అడవి సంసారము, మృగములు వ్యాధులు, అరణ్యమును చేతులతో చుట్టియున్న భీకరస్త్రీ వార్ధక్యము, నూయి దేహము, సర్పము కాలము, తీగ జీవితాశ, ఏనుగు సంవత్సరము, దాని ముఖములు ఋతువులు, పాదములు మాసములు, ఎలుకలు రాత్రింబవళ్లు, తేనెటీగలు కోరికలు, తేనె కామరసము.

ఈ కథ దేశాంతరములకును ప్రాకినది. 12వ శతాబ్దిలో జైనాచార్యుడు హేమచంద్రుడు పరిశిష్టపర్వమున దీనిని చెప్పెను. 8వ శతాబ్దపు అరబ్బీ గ్రంథము 'కలీలా-దిమ్నా'లోను ఇది గలదు. 1879-80 ప్రాంతమున టాల్‌స్టాయ్ తన ఆత్మవిమర్శ గ్రంథమున దీనిని స్మరించి, కుటుంబప్రేమ, రచనాకళ అను తన రెండు తేనెబొట్లును ఇక తీపిగా లేవని వ్రాసికొనెను.

ధృతరాష్ట్రుని స్థితి ఇందుకు విపరీతము. నూతిలోని వానికై ఆయన ఎంతయో జాలిపడి, ఆ ప్రదేశమెక్కడిదని, వానిని విడిపించు ఉపాయమేదని అడిగెను. అది తన కథయే యని గ్రహింపలేదు. వివరణ విన్న పిమ్మట సైతము, నీ వాగమృతమును ఇంకను వినుటకు సంతోషముగానున్నదనెను. సత్యమును చూపుటకు చెప్పిన మాట ఆయనకు మరియొక తేనెబొట్టు అయినది. పుత్రవ్యామోహము, రాజ్యకాంక్ష నశించినచోట శ్రవణసుఖము వచ్చి చేరినది.

ఆ సుఖమెంతవరకు నిలిచినదో అదే పర్వము చెప్పుచున్నది. పాండవులు దర్శనమునకు వచ్చినప్పుడు ఆయన భీముడనుకొని ఇనుపప్రతిమను కౌగిలించి నుగ్గుచేసెను. కృష్ణుడు ముందే ఎరిగి దానిని నిలిపియుంచెను గనుక భీముడు బ్రదికెను. మూడుమారులు విన్న ఉపదేశము ఆ బాహువులను చేరలేదు. ఉపదేశమును రుచి చూచుట వేరు, దానితో తన్ను తాను చూచుకొనుట వేరు.